నెమరులో ఉలవల వాసన

ఇందులో ఒక్క అక్షరం అబద్ధమున్నా రేపటినుంచి నా తమలపాకుకు సున్నం దొరక్కుండా పోనీ. అడివి నడుమ ఎలుగుబంటి దొరకు ఒక బెల్లం గానుగ ఉండేది. ఎంత పెద్దదనుకున్నావు, దూడగా కాడి కింద దూరిన ఎద్దు ఒక్క చుట్టు తిరిగొచ్చేసరికి తాత అయ్యేది.

ఆ గానుగకు మేస్త్రి నక్క. వాడు పెట్టిన కట్టడి ఒకటే. తెల్ల ఎద్దులు తూర్పు పాకలో, నల్ల గేదెలు పడమటి పాకలో. కాడికి జోడీ కలపడు, మేత దగ్గర మాట కలపనివ్వడు.

గేదెల్లో నీలాలు అనేది చూడిది. ఈనడానికి ఇంకా పదిహేను రోజులుంది. కడుపులో దూడ కదలడం తగ్గిందని నాలుగు రోజులుగా దానికి ఒకటే గుబులు.

"మేత చాలడం లేదక్కా" అంది పక్క గేదెతో.

"నాకూ తట్టెడు ఎండుగడ్డే. అందరికీ అంతేగా" అంది అది.

పాకలో పద్నాలుగు గేదెల్ని అడిగింది. పద్నాలుగు నోళ్లదీ అదే మాట. సరే, నాదే ఆశపోతు కడుపు కాబోలు అనుకుంది నీలాలు.

ఒకరోజు పొయ్యి మీద పెనం ఎక్కాక, ధవళయ్య అనే తెల్లెద్దు జోడీకి కాల్లో ముల్లు విరిగింది. కొత్త రసం పడకపోతే పెనంలో పాకం మాడుతుంది. మాడితే దొర నక్క తోలు తీసి ఎండలో ఆరేస్తాడు. ఆ కంగారులో నక్క దొరికిన నీలాలుని లాక్కొచ్చి ధవళయ్య పక్కన కట్టేశాడు.

గానుగలో చెరకు పెట్టడానికి ఆగినప్పుడల్లా ధవళయ్య నెమరేస్తున్నాడు. నీలాలు ముక్కు ఎగబీల్చింది.

"ఏం తిన్నావన్నా?"

"రోజూ తినేదే. రెండు తట్టల పచ్చగడ్డి, పైన ఉడకబెట్టిన ఉలవలు."

"మాకు తట్టెడు ఎండుగడ్డి."

"ఊరుకోవమ్మా. మా పాకలో పన్నెండు మందిమి, ఎవర్నడిగినా ఉలవలే అంటారు. మీకు మాత్రం ఎందుకు తగ్గిస్తాడు? నువ్వే కాళ్లతో తొక్కి పాడుచేసుకుని ఉంటావు."

"నువ్వు మీవాళ్లని అడిగావు, నేను మావాళ్లని అడిగాను. మధ్యాహ్నం ఒక్కసారి నా తొట్టి దగ్గరికి రా, చాలు."

మధ్యాహ్నం ధవళయ్య నక్క కళ్లుగప్పి వచ్చాడు. తొట్టిలో తల పెట్టాడు, అడుగంటా నాకాడు. తలెత్తి దాని నిండు కడుపుకేసి చూశాడు.

"దూడ కదులుతోందా?" అన్నాడు.

"పొద్దుట్నుంచి లేదన్నా."

మళ్లీ కాడి కట్టాక ఇద్దరూ ఒక్క అడుగు వేస్తే ఒట్టు. పెనంలో పాకం బుడగలు చిక్కబడుతున్నాయి. నక్క చెర్నాకోల పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"నడవండర్రా, పాకం ముదిరిపోతోంది."

"ఉలవలు తీసుకురా" అన్నాడు ధవళయ్య.

"పొద్దున పెట్టాగా నీకు."

"నాకు కాదు."

నక్క ధవళయ్య చెవి దగ్గర నోరు పెట్టాడు. "ఒరే నాయనా, తెల్లెద్దుకు రెండు తట్టలు, తెల్లావుకు ఒకటిన్నర, దున్నపోతుకు ఒకటింబావు, గేదెకు ఒకటి. ఇది ఆడది, పైగా నల్లది. నీకు పోయిందేముంది? కడుపులో పెట్టుకో."

ఒకే కాడి కింద నాలుగు చెవులుంటాయన్న సంగతి మర్చిపోయాడు. నీలాలు పెట్టిన అరుపుకు మూడు కొండలు పక్కకు జరిగాయి. రెండు పాకలూ తెంచుకుని బయటికొచ్చాయి. పుట్టాక మొదటిసారి ఒకళ్లనొకళ్లు, నువ్వేం తింటావు, నువ్వేం తింటావు అని అడిగాయి.

మాడు వాసన మొదలైంది. అవతలనుంచి దొర అడుగుల చప్పుడు. నక్క ఉలవల గంగాళం నెత్తినెత్తుకుని గస పెడుతూ వచ్చి నీలాలు ముందు దించాడు.

"తినవే తల్లీ, తొందరగా."

నీలాలు తీరిగ్గా తింది. గంగాళం అడుగు కనబడింది. అయినా కదల్లేదు. చెవులు రిక్కించి లోపలికి వింటోంది. నక్క ఒకసారి పెనంకేసి, ఒకసారి దొర వచ్చే దారికేసి చూస్తున్నాడు. అప్పుడు కడుపులో దూడ ఒక్క తన్ను తన్నింది. నీలాలు అడుగేసింది.

ఆ రోజునుంచి అందరికీ ఒకటే తొట్టి, ఒకటే మేత. మోసేది నక్క మేస్త్రే. మోసీ మోసీ వాడి మెడ ఒంట్లోకి దిగిపోయింది.

మనలాంటివాళ్లనే అడుగుతూ కూర్చుంటే, మనకు తెలిసిందే మళ్లీ తెలుస్తుంది.

విన్నావుగా, ఇక లే. ఈ ఉలవల గిన్నె తీసుకెళ్లి మన గేదె తొట్టిలో పోసిరా. వచ్చేటప్పుడు ఎద్దు తొట్టిలోకి కూడా ఓసారి తొంగి చూసి, ఏముందో నాకు చెప్పు.