ఓడనన్న ముంగిస

ఊఁ కొడుతూ వినండర్రా. అనగనగా ఒక అడవి, దానికి రాజు సింహం. ఏడాదంతా ఎండలో టెన్నిస్ ఆడిన మగజంతువుల్లో మేటి ఎనిమిదింటిని ఏరి, ఏడాది చివర చలికి తన కొండగుహలో ఆడించేవాడు.

ఆ ఏడు మొట్టమొదటిసారి ఒక చిన్న జంతువుకు చోటు దక్కింది. అతడే ముంగిస చిట్టయ్య. పెద్ద జంతువులకు ఒళ్ళు మండింది. వాళ్ళ పోరు పడలేక రాజు ఒక మాట అనేశాడు. చిట్టయ్య ఫైనల్‌కు చేరకపోతే ఇకమీదట చిన్న జంతువులెవరూ ఆ గుహ గడప తొక్కకూడదట. ఎంత అన్యాయం!

ఎనిమిది మందిని రెండు గుంపులు చేశారు. తలా మూడేసి ఆటలు. ఈ గుంపులో మొదటివాడు ఆ గుంపులో రెండోవాడితో, రెండోవాడు మొదటివాడితో సెమీఫైనల్ ఆడాలి. అదీ పద్ధతి.

చిట్టయ్య మొదట అడవిపందిని ఓడించాడు, తర్వాత జింకను. సెమీఫైనల్ ఖాయమైంది. మూడో ఆట ఎలుగుతో. ఎలుగూ రెండు గెలిచినవాడే.

ఇంతలో అవతలి గుంపులో చిరుత చండకుడు కాలు జారి ఒక ఆట ఓడి, రెండోవాడయ్యాడు. ఆయాసపడే ముసలి దున్న ఎలాగో మొదటివాడయ్యాడు. అంటే ఎలుగు మీద గెలిస్తే చిట్టయ్యకు చిరుత ఎదురు. ఓడితే ముసలి దున్న.

ఉడుత వచ్చి ఓడిపొమ్మంది. కుందేలు కాళ్ళావేళ్ళా పడింది. చివరికి సొంత మేనమామే వచ్చాడు. "ఒరే చిట్టయ్యా, ఒక్క ఆట ఓడితే నీ సొమ్మేం పోయింది? మా అందరి బతుకూ నీ చేతుల్లో ఉందిరా" అన్నాడు.

చిట్టయ్య ససేమిరా అన్నాడు. "మామా, మనం చేతకానివాళ్ళమని వాళ్ళంటున్నారు. కావాలని ఓడితే అది నిజమేనని నేను ఒప్పుకున్నట్టు. చిరుత వస్తే రానీ. దొడ్డిదారిన మాత్రం పోను."

అన్నట్టే ఎలుగును చిత్తుగా ఓడించాడు. చిన్న జంతువులు తలలు పట్టుకున్నాయి. మేనమామ మాట్లాడటం మానేశాడు.

సెమీఫైనల్లో చిరుత బంతి కొడితే గుహ అదిరింది. అయినా చిట్టయ్య వెనక్కి తగ్గలేదు. చెరొక సెట్టు గెలిచారు. మూడో సెట్టూ సమానమై, ఎవరికి దక్కితే వాళ్ళదే ఆట అన్న చివరి పాయింటుకు చిట్టయ్య కొట్టిన బంతి గీత దగ్గర పడింది. అంపైరు నక్క గీత బయట పడిందని చెప్పేసింది. పెద్ద జంతువులు చప్పట్లు కొట్టాయి.

చిరుత మాత్రం రాకెట్టు కింద పెట్టాడు. "గీత మీదే పడింది, కళ్ళారా చూశాను. ఇతగాడు నన్ను తప్పించుకునే వీలుండీ తప్పించుకోలేదు. అబద్ధంతో ఇతణ్ణి గెలిస్తే నేనేం చిరుతను?"

నక్క తీర్పు మార్చక తప్పలేదు. చిట్టయ్య ఫైనల్‌కు చేరాడు, రాజు తన మాటకు కట్టుబడ్డాడు. ఫైనల్ ఏమైందంటారా? గెలిచాడర్రా, గెలవక!

నీతి: భయపడి తప్పుకోకుండా ఎదురు నిలిచినవాణ్ణి ప్రత్యర్థి సైతం గౌరవిస్తాడు.