గడపకు కొత్త పాదాలు

పేరిందేవమ్మగారిని ఏదైనా ప్రశ్న అడిగితే, జవాబు దొరకడానికి ముందు పని దొరికేది. ఆత్మ ఎక్కడ ఉంటుందని అడిగిన బ్యాంకు ఉద్యోగి చేత ఆవిడ పెరట్లో బావి గిలకకు నూనె పెట్టించారు. కోపం ఎలా తగ్గించుకోవాలని అడిగిన ఒక కోడలికి చిక్కుపడ్డ దారపుండ ఇచ్చి, విప్పి తెమ్మన్నారు. వాళ్ళకు జవాబులు తెలిశాయో లేదో ఎవరూ అడగలేదు. గిలక మాత్రం చప్పుడు మానింది.

కాకినాడలో, రామారావుపేటలోని తమ ఇంటి వసారాలో ఆవిడ రోజూ పొద్దున్నే గీత చెప్పేవారు. వచ్చేవాళ్ళంతా ఆవిడను గురువమ్మగారని పిలిచేవారు. వాళ్ళలో హైమవతి బాగా పాత శిష్యురాలు. ఎముకల డాక్టరుగారి భార్య. శ్లోకం తప్పకుండా ఒప్పజెప్పేది, ఎవరింట శుభకార్యమైనా చదివింపులు తప్పకుండా పంపేది. తాను ఎవరికీ లోటు చేయలేదన్న నమ్మకం ఆమె నడకలోనే కనిపించేది.

శ్రావణమాసంలో ఒక గురువారం పాఠం అయ్యాక, హైమవతి సంచీలోంచి నున్నటి కాగితాల పుస్తకాలు రెండు తీసి గురువమ్మగారి ముందు పెట్టింది. వాటి మీద ఓడల బొమ్మలు ఉన్నాయి.

"గురువమ్మగారూ, ఇది గీతలో ఉండే సంగతి కాదనుకోండి. అయినా మిమ్మల్ని అడక్కుండా ఏ పనీ చేయను కదా. నాకు అరవై నిండుతున్నాయని ఈయన సముద్రయాత్రకు తీసుకువెళతానన్నారు. ఇటలీ, గ్రీసు, ఆ వైపంతా. దాదాపు రోజుకో రేవు. రెండు కంపెనీలు చూశాం, రెండూ గొప్పవే. ఏది ఎక్కాలో తేలక నెల నుంచీ నిద్ర లేదు."

"తేడా ఏమిటి?" అన్నారు గురువమ్మ.

"ఈ నీలం ఓడ చిన్నది. ఊరికి బాగా దగ్గరగా వెళ్ళి ఆగుతుందట, పొద్దుపోయేదాకా అక్కడే ఉంటుందట. ఈ తెల్లది పెద్దది. దూరంగా ఆగుతుంది, అయితేనేం, బాల్కనీలో కూర్చుంటే ఊరంతా కనిపిస్తుందట. గదికో మనిషిని ఇస్తారు. మనకు దిగే ఓపిక లేదనుకోండి, ఏం కావాలో చెబితే అతనే ఊళ్ళోకి వెళ్ళి తెచ్చిపెడతాడు. నాకు తెల్లదాని మీదే మనసు లాగుతోంది."

"డాక్టరుగారేమన్నారు?"

"ఆయనకు స్నానాల గది పెద్దదైతే చాలునట."

చాపల మీద ఉన్నవాళ్ళు నవ్వారు. గురువమ్మ కూడా నవ్వి, ఆ పుస్తకాలు రెండూ ఒకదాని మీద ఒకటి సర్ది తిరిగి ఇచ్చేశారు.

"రేపు శుక్రవారం. జగన్నాథపురంలో మన మంగాయమ్మ పేరంటానికి రమ్మని కబురు చేసింది. నన్ను నీ కారులో తీసుకువెళ్ళు."

"అయ్యో, రేపు సాయంత్రంలోగా ఏదో ఒకటి ఖాయం చేయాలండీ."

"దారిలో ఆలోచిద్దాంలే."

హైమవతి మొహం ఒక్క క్షణం చిన్నబోయింది. ఎందుకో చెప్పాలంటే మంగాయమ్మ సంగతి కొంచెం చెప్పాలి. ఆవిడ భర్త కాకినాడ రేవులో బోటు నడిపే సరంగుగా పనిచేసి, వయసు మీదపడి మానుకున్నాడు. ఒకప్పుడు అతని కాలు విరిగితే హైమవతి భర్తే దాన్ని నిలబెట్టాడు. మంగాయమ్మ చూపు మందగించేదాకా రోజూ పాఠానికి వచ్చి వెనక చాప మీద కూర్చునేది. శ్రావణ శుక్రవారం వస్తుందంటే భరిణె పట్టుకుని అందరికీ బొట్టు పెట్టి పిలిచేది. హైమవతి దగ్గర మాత్రం రెండోసారి కూడా చెప్పేది: "తమరు తప్పకుండా రావాలమ్మా." హైమవతి కూడా ప్రతిసారీ "తప్పకుండా వస్తాను మంగాయమ్మా" అనేది.

వెళ్ళేది కాదు. జగన్నాథపురం వంతెన అవతల సందులు ఇరుకు, చేపల వాసన, పైగా ఆ సాయంత్రం ఇంకా పెద్ద పేరంటాలు ఉండేవి. అలాగని మానేసేదీ కాదు. డ్రైవరు నూకరాజును పంపి తాంబూలం తెప్పించుకునేది. అందులోని పసుపూ కుంకుమా తీసి దేవుడి దగ్గర పెట్టి, "మిగతాది నువ్వు తినెయ్" అని పొట్లం అతనికే ఇచ్చేసేది.

పేరంటానికి వెళ్ళిన మనిషికి ఆ ఇంటి ఇల్లాలు ముందు కాళ్ళకు పసుపు రాస్తుంది. తరవాత గంధం పూస్తుంది, బొట్టు పెడుతుంది. తాంబూలం ఇచ్చేది అన్నిటికన్నా ఆఖరున. ఆ ముందు జరిగేవేవీ మనిషి రాకుండా జరిగేవి కావు. ఇది హైమవతికి తెలియని సంగతేమీ కాదు.

మర్నాడు కారు బయలుదేరింది. గురువమ్మగారి నడుముకు దిండు, కాళ్ళ కింద పీట, తాగడానికి వేడినీళ్ళు, అన్నీ హైమవతే అమర్చింది. వంతెన మీద నుంచి చూస్తే కాలవలో పడవలు, దూరంగా సముద్రం మీద మసకగా రెండు ఓడలు కనిపించాయి. హైమవతి తెల్ల ఓడలో భోజనాల సంగతి చెబుతోంది. ఈలోగా నూకరాజు ఎవరినీ అడక్కుండానే రెండు సందులు తిరిగి, ఒక పెంకుటింటి ముందు కారు ఆపాడు.

"నీకు దారి బాగా తెలుసే!" అన్నారు గురువమ్మ.

"ఆయ్, ఏటా వచ్చే ఇల్లే కదండీ," అన్నాడు నూకరాజు తలుపు తీస్తూ.

హైమవతి చెవులు వేడెక్కాయి. గురువమ్మ ఆమె వైపు చూడలేదు, దిగి గడప వైపు నడిచారు.

మంగాయమ్మ గోడ పట్టుకుని ఎదురొచ్చింది. మిగతా పేరంటాళ్ళు వచ్చి వెళ్ళిపోయారు. ఇల్లంతా నేతివాసన. గురువమ్మను పీట మీద కూర్చోబెట్టి, పసుపు గిన్నె తెచ్చుకుని కింద కూర్చుంది.

"మొహాలు నాకు మసకండీ. పాదాలైతే తెలుస్తాయి. మీ కుడికాలి చిటికెనవేలు వంకర, చేయి వేస్తే చాలు, గురువమ్మగారని చెప్పేస్తాను. ఏడాదికోసారైనా ఈ చేతులతో రాసిన కాళ్ళు కదా."

గురువమ్మకు రాయడం అయ్యాక, పక్క పీట దగ్గరకు జరిగింది. హైమవతి కాళ్ళు వెనక్కి తీసుకోబోయింది. మంగాయమ్మ అరచేయి అప్పటికే మడమ కింద ఉంది. వేళ్ళ మీద, మడమ మీద మెల్లగా తడిమి తల ఎత్తింది.

"ఈ పాదాలు మా గడపకు కొత్త. ఎవరమ్మా తమరు?"

గురువమ్మ చెప్పవచ్చు. చెప్పలేదు. విసనకర్ర తీసుకుని విసురుకుంటూ, చదువు చెప్పేవాళ్ళు పిల్ల జవాబు కోసం ఆగినట్టు ఆగారు.

నోరు తెరిస్తే గొంతు గుర్తుపడుతుంది. ఆ భయంతో హైమవతి, రోజూ వసారా అంతా వినిపించేలా శ్లోకం చదివే హైమవతి, గొంతు బాగా తగ్గించి, "గురువమ్మగారి దగ్గర పాఠానికి వస్తుంటానండీ," అంది.

"సంతోషం తల్లీ. అక్కడికొచ్చే డాక్టరమ్మగారు తెలుసుగా?"

మంగాయమ్మ పసుపు రాస్తూనే చెప్పుకుపోయింది.

"ఆవిడకి తీరికుండదు పాపం. అయినా ఒక్క ఏడూ మానకుండా మనిషిని పంపుతారు. ఆ నూకరాజు వచ్చాడంటే నాకు మా ఆయన బోటు గుర్తొస్తుంది. మన రేవులో లోతు చాలక పెద్ద ఓడలు ఒడ్డుకు రావు కదా, దూరాన్నే నిలబడతాయి. బోటు వెళ్ళి సరుకు పట్టుకొచ్చేది. మా ఆయన ఎన్ని ఓడల సరుకు దింపాడో! ఏ ఓడవాళ్ళూ మా ఊరు ఎలా ఉంటుందో చూసి ఉండరు." తన మాటకు తనే నవ్వుకుంది. "డాక్టరమ్మగారికి నా బూరెలంటే ప్రాణం. నెయ్యి ఇంకాస్త ఎక్కువ వేయమన్నారని నూకరాజు చెప్పాడు. అప్పట్నుంచీ ఆవిడ వాటాలో ధారగా పోస్తున్నాను. చల్లారితే బావుండవని ఆఖరి వాయి అతను వచ్చే వేళకే దింపుతాను."

ఆ బూరెలను హైమవతి ఒక్క ఏడాది కూడా నోట పెట్టలేదు. నెయ్యి ఎక్కువ కావాలన్నది ఎవరో ఆమెకు అప్పుడే తెలిసింది. ఇంకో చోటైతే నవ్వొచ్చేది. ఇక్కడ ఆమె పాదాలు ఇంకొకరి అరచేతుల్లో ఉన్నాయి.

ఇప్పటికైనా చెప్పేద్దామనుకుంది. గంధం పూసేలోగా చెబుదామనుకుంది, మెడ మీద గంధం చల్లగా తగిలింది. బొట్టు పెట్టేలోగా అనుకుంది, అదీ అయిపోయింది. మొదట చెప్పని మాట, సమయం గడిచిన కొద్దీ చెప్పడానికి మరీ సిగ్గుగా ఉంటుంది.

అంతలో మంగాయమ్మ వీధి వైపు చెవి పెట్టింది. "ఆ దగ్గు నూకరాజుదే. ఏమయ్యా, గుమ్మంలోనే నిలబడ్డావేం? ఇదిగో, మీ అమ్మగారి పొట్లం కట్టేశాను, వేడిగా ఉండగా పట్టుకెళ్ళు." పీట పక్క నుంచి అరిటాకులో కట్టిన పెద్ద పొట్లం తీసింది. పేరంటాళ్ళందరికీ ఇచ్చినవాటికి అది రెండింతలు ఉంది.

"పొట్లమెందుకండీ?" అన్నాడు నూకరాజు గుమ్మంలోంచి, ఏ పాపం ఎరగకుండా. "అమ్మగారు ఇక్కడే కూర్చున్నారు కదండీ, తమరి ఎదురుగా."

మంగాయమ్మ చేతిలో పొట్లం అలాగే ఉండిపోయింది. హైమవతి తల ఎత్తలేదు. ఇప్పుడు ఏ మాట అన్నా పడదామని సిద్ధపడింది. నిజం చెప్పాలంటే, ఒక మాట అంటే బాగుండునని కూడా అనుకుంది.

మంగాయమ్మ అన్నది వేరు.

"నా మతి మండ! డాక్టరమ్మగారినా నేను కొత్తవాళ్ళనేశాను? ఎంత తప్పు చేశాను! నా గుడ్డితనాన్ని చూసి ఏమీ అనుకోకండమ్మా." గబగబా పసుపు గిన్నె మళ్ళీ దగ్గరకు లాక్కుంది. "కాళ్ళు ఇలా పెట్టండి. ఇందాక ఎవరో అనుకుని రాశాను. మళ్ళీ రాస్తాను."

"వద్దు మంగాయమ్మా, రాశావు కదా," అంది హైమవతి. గొంతు దాచుకోవలసిన పని ఇక లేదు.

"అది లెక్కలోకి రాదండీ. మా ఆయన్ని నడిపించిన ఇంటి ఇల్లాలు మీరు. ఇన్నేళ్ళూ ఎదురుచూసిన కాళ్ళు ఇవి. చూసుకుని రాయాలి."

మళ్ళీ రాసింది. ఈసారి తొందరపడలేదు. వేలు వేలుకూ మధ్య, మడమ చుట్టూ, చీలమండ దాకా, మళ్ళీ వస్తే గుర్తుపట్టాలన్నట్టు తడుముతూ రాసింది. హైమవతి కళ్ళు తుడుచుకోవడానికి చేయి ఎత్తలేదు. ఎత్తితే నూకరాజు చూస్తాడు.

తరవాత పొట్లం విప్పి, ఒక బూరెకు చిల్లి పెట్టి, నెయ్యి పోసి చేతిలో పెట్టింది. "నెయ్యి సరిపోయిందా అమ్మా? మీరన్నట్టే ఉందా?"

"మంగాయమ్మా, నేనసలు ఎప్పుడూ..."

"ముందు తినండి. చల్లారిపోతుంది."

హైమవతి తింది. నెయ్యి మణికట్టు మీదుగా మోచేతి దాకా కారింది. సగం తిన్నాక, బూరె వైపు చూస్తూనే మెల్లగా చెప్పింది. "ఇదే మొదటిసారి మంగాయమ్మా. ఇన్నేళ్ళూ ఇవి నేను తినలేదు. నూకరాజు తిన్నాడు."

గుమ్మంలో నూకరాజు నేలచూపులు చూశాడు. మంగాయమ్మ చేతికంటిన పసుపు కొంగుకు తుడుచుకుంది, తుడిచిన చేతినే మళ్ళీ తుడుచుకుంది.

"పోన్లెండి," అంది చివరికి. "ఎవరో ఒకరు తిన్నారుగా." గొంతులో ఇందాకటి హుషారు లేదు. విప్పిన పొట్లాన్ని తడుముకుంటూ మళ్ళీ కట్టి, "ఇదిగో నూకరాజూ, ఇది మీ ఆవిడకు. ఈసారి ఆవిడను కూడా తీసుకురా," అంది.

కారు తిరుగుదారి పట్టింది. వంతెన మీదకు వచ్చేసరికి దూరాన ఆ ఓడలు రెండూ అక్కడే నిలబడి ఉన్నాయి. హైమవతి అటు చూడలేదు. పాదాల పసుపు కారులో పరిచిన తివాచీకి అంటుతోంది. కాళ్ళు తీసి పక్కన పెట్టుకుందామనుకుంది, ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

ఫోను మోగింది. డాక్టరుగారు. "ఏమోయ్, తేలిందా? ఏ ఓడ? వాళ్ళు ఆఫీసు మూసేస్తారట." అడిగి చెబుతానని హైమవతి పెట్టేసింది. కాని అడగలేదు. గురువమ్మగారి ఇల్లు వచ్చింది. నూకరాజు దిగి తలుపు తీశాడు.

ఆవిడ ఒక కాలు కింద పెట్టాక, హైమవతి ఇక ఉండబట్టలేక, వినీ వినపడకుండా అంది. "డాక్టరుగారికి ఏమని చెప్పమంటారండీ?"

గురువమ్మ కారు తలుపు పట్టుకుని నిలబడ్డారు. ఆవిడ చూపు హైమవతి పాదాల మీద ఆగింది.

"ఏదైనా ఎక్కు అమ్మాయ్. రెండూ మంచివేనన్నావుగా. దిగాల్సిన చోటు వచ్చినప్పుడు మాత్రం నూకరాజును పంపకు."