మన్నుతో వచ్చే తడిని కూడా అడిగిన జిల్లేడు

ఒకప్పుడు గింజలకు ఆగడమంటే తెలియదు. ఎక్కడ పడితే అక్కడే, పడీ పడగానే పొట్టు చీల్చుకుని వేరు దించేసేవి. ఎందుకంటే భూదేవి ప్రతి మన్నులోనూ తడి కలిపి ఉంచేది. మన్ను ఉందంటే తడి ఉన్నట్టే.

ఆ రోజుల్లో ఒక ఆచారం ఉండేది. ఇల్లు వదిలే గింజ తనకేం కావాలో గాలి మామతో చెప్పి బయలుదేరాలి. అడిగినవన్నీ ఆయన చూసిపెట్టేవాడు. "నాకు కాస్త నీడ కావాలి మామా" అనేది ఒకటి. "నాకు ఇసుక నేల" అనేది ఇంకొకటి. తడి కావాలని మాత్రం ఎవరూ అడిగేవారు కాదు. మన్నుతో వచ్చేదాన్ని అడగడమేమిటి? పెళ్ళికి పిలిచినవాళ్ళని "అన్నం పెడతారా?" అని అడిగినట్టు ఉండదూ!

వాగు ఒడ్డున ఒక జిల్లేడమ్మ ఉండేది. చీమ తుమ్మినా ఉలిక్కిపడే రకం. ఆ ఏడు ఆమె కాయలు పగిలి, పట్టుకుచ్చుల పిల్లలంతా గాలి మామ వెంట ఎగిరిపోయారు. ఒక్క కాయ మిగిలింది.

కొన్నాళ్ళకు పిచ్చుక వచ్చి వాలింది.

"అత్తా, నీ పిల్లల్ని ఆవలి బీడులో చూశాను."

"మొలిచారా?"

"మొలిచారు. రెండేసి ఆకులు కూడా వేశారు. కానీ ఆ మన్నులో తడి లేదు. ఎండిపోయారు అత్తా."

జిల్లేడమ్మ "భూదేవీ! నీ మన్నులో తడి ఏదమ్మా?" అని అరిచింది.

"ముసలిదాన్నయ్యానే. అన్నిచోట్లా తడి పట్టి ఉంచలేకపోతున్నాను. ఇకమీదట అడిగినచోటికే గాలి మబ్బుల్ని తోలుకొస్తాడని ఎప్పుడో చెప్పాను. ఎవరు చెవిన పెట్టారు?"

నిజమే. ఆ మాట జిల్లేడమ్మ కూడా విన్నది. తన వేళ్ళ కింద వాగు తడి ఉంది కాబట్టి మనకేంలే అనుకుంది. ఇప్పుడు దుఃఖం ముంచుకొచ్చింది.

అంతలో టప్పుమని చప్పుడు. ఆఖరి కాయ పగులుతోంది!

"మామా, కాస్త ఆగవా?"

"ఆగితే నేను గాలినెలా అవుతానే? తొందరగా చెప్పు."

"పిల్లలూ, తడి కావాలని అడగండి. ఊపిరికి గాలి, ఒంటికి వెచ్చదనం, అవీ అడగండి."

పిల్లలు కిసుక్కున నవ్వారు. "అవన్నీ మన్నులో ఉంటాయి కదమ్మా!"

"ఉన్నా సరే అడగండి. అవి అందాకే పొట్టు విప్పండి. వేరు దించాక వెనక్కి రాలేరు."

"అందకపోతేనో?" అంది ఒక బుల్లి గింజ.

జిల్లేడమ్మ "అందకపోతే పడుకోండి. పడుకున్న గింజ చావదు" అంది. ఆ మాట నిజమో కాదో ఆమెకే తెలియదు. పిల్లలు అడగాల్సినవన్నీ అడిగి ఎగిరిపోయారు.

ఎండలు ముదిరాయి. పిచ్చుక వచ్చినప్పుడల్లా అదే ప్రశ్న.

"మొలిచారా?"

"లేదత్తా. ఆ బీడులోనే రాళ్ళలా పడున్నారు."

"అయ్యో, పడుకోమన్నాను గానీ చావమన్నానా!" అని జిల్లేడమ్మ కుమిలిపోయింది. ఆకులన్నీ వాలిపోయాయి.

ఒక మధ్యాహ్నం గాలి మామ మబ్బుల్ని తోలుకొచ్చాడు. బీడు మీద వాన దంచి కొట్టింది. తెరిపివ్వగానే పిచ్చుక తడిరెక్కలతోనే అరుచుకుంటూ వచ్చింది.

"అత్తా! లేచారు! అందరూ లేచారు!"

జిల్లేడమ్మ భోరున ఏడ్చింది. ముందు వెళ్ళినవాళ్ళకు ఈ ఒక్క మాట చెప్పలేకపోయానే అని ఏడ్చింది.

ఆ కబురును గాలి మామ అన్ని చెట్లకూ మోశాడు. అప్పటినుంచే ఏ గింజైనా, వాగు ఒడ్డున పడ్డా సరే, తడీ గాలీ వెచ్చదనం అడుగుతుంది. మూడూ అందేదాకా పొట్టు విప్పదు. మీ అరచేతిలో ఎండుగింజ ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే చచ్చిపోయిందనుకోకండి. వాళ్ళమ్మ మాట విని పడుకుంది, అంతే.