గడ్డివాము వెనక గంట

కొండ కింద మేసే మందకి ఒక కట్టుబాటు ఉంది. ముందు నడిచే చుక్కావు మెడలో చెక్క గంట ఉండాలి. అక్కడ గడ్డి ఎద్దు తల దాటి పెరుగుతుంది, ఎవరికి ఎవరూ కనబడరు. వెనకవాళ్ళంతా ఆ టకటక విని దారి పట్టాలి. అందరికంటే చివర నడిచేది బుల్లోడు, చెవులయ్య అనే గాడిద కొడుకు. వాడి ముందు కాలు కాస్త వంకర.

ఇక చెవులయ్య సంగతి. చెవులు అంత పొడుగున్నాయి కనక వినికిడి కూడా అంత గొప్పదని మంద నమ్మింది. మంద కంటే ముందు ఆయనే నమ్మాడు. ఏ కోయిల బాగా కూసిందో ఆయన చెబితేనే ఖాయం. మనసు మాత్రం మంచిదే.

ఒకరోజు నక్క ఒక చిన్న ఇత్తడి గంట నోట కరుచుకొచ్చింది. మిలమిలా మెరుస్తోంది, అంచు చుట్టూ నెమళ్ళ బొమ్మలు. దాన్ని చెవులయ్య చెవి పక్కనే ఓ కొమ్మకి తగిలించి ఆడించింది.

"మీరు ఒక్క మాటంటే చాలు, చెవులయ్యగారూ. ఆ మోటు చెక్క ఇంకెన్నాళ్ళు?"

చెవులయ్య తల ఊపాడు. ఈ నాదంలో లోతుందన్నాడు. తేనె ఉందన్నాడు. మోగడం ఆగాక కూడా గాలి పలుకుతోందన్నాడు. చెక్క గంటది ఉత్త పొడి దగ్గన్నాడు. మంద అవునవునంది. చుక్కావు మెడ వంచి గంట తీసేయబోయింది.

ఎర్రెద్దు వీరన్న అడ్డొచ్చాడు. మాట తక్కువవాడు. "తొందరేముంది? రెండు గంటల్నీ గడ్డివాము వెనక కడదాం. నేను కొమ్ముతో కొడతాను. అన్న చూడకుండా విని చెప్పాలి."

చెవులయ్యకి చిన్నతనంగా తోచింది. నాదాన్ని పరీక్ష పెట్టడమేమిటని చిరాకుపడ్డాడు. ఇంత పెద్దమనిషిని అనుమానిస్తారా అని నక్క కూడా నొచ్చుకుంది.

"అనుమానం కాదన్నా," అన్నాడు వీరన్న. "మందలో మీ బుల్లోడు నడిచేది ఎక్కడ? అంత దూరాన నిలబడి వినమంటున్నా."

కొడుకు పేరు వినగానే చెవులయ్య కదిలాడు. వెంట మందంతా కదిలింది. అంత దూరమూ వెళ్ళి చెవులు నిక్కించాడు. ఆయన గొంతుకి దూరం లెక్కలేదు కనక తీర్పు అక్కణ్ణించే చెప్పసాగాడు.

మొదటిసారి మోగింది. "ఇది ఇత్తడి. ఆ తేనె విన్నారా?"

రెండోసారి. "ఇది చెక్క. అదే పొడి దగ్గు."

మూడోసారి. "మళ్ళీ ఇత్తడి. దాస్తే దాగే నాదమా అది?"

తర్వాత చాలాసేపు ఏమీ వినబడలేదు. చెవులయ్య ఈగలు తోలుకుంటూ చూసి చూసి విసిగిపోయాడు. "వీరన్నా, నిద్రపోయావా? తర్వాతది కొట్టవేం?"

వీరన్న వాము చాటు నుంచి వచ్చాడు. ముఖంలో వెక్కిరింపు లేదు. "మూడుసార్లూ కొట్టింది చెక్క గంటేనన్నా. ఆ తర్వాత ఇత్తడి గంట ఇరవైసార్లు కొట్టాను. దాని సన్న మోత దూరం పోదు. నీకొక్కటీ అందలేదు."

మందలో ఎవరూ నవ్వలేదు. వాళ్ళకీ ఒక్కటీ అందలేదు మరి. చెవులయ్య చెవులు వాలిపోయాయి. తల దాటిన గడ్డిలో, ఏ చప్పుడూ అందక, ఎటు పోవాలో తెలియక బుల్లోడు ఒక్కడే నిలబడి ఉండటం ఆయన కళ్ళకి కట్టింది. అక్కడ వాడి కోసం ఎవరు కాచుకుని ఉంటారో కూడా అప్పుడే తెలిసింది. తిరిగి చూస్తే నక్క మెల్లగా జారుకుంటోంది. వెనక కాళ్ళతో ఒక్క తాపు తన్నాడు. నక్క ముళ్ళపొదలో పడి లేచి, గంట మాటే మరిచి పరుగు తీసింది.

చెవులయ్య వీరన్న దగ్గరికి వచ్చి తల వంచాడు.

"నా పరువు పోయిందనుకున్నాను తమ్ముడూ. పోతే పోయింది, నా కొడుకు మిగిలాడు. ఈ మేలు మరిచిపోను."

ఆ తర్వాత చెక్క గంట తాడు పళ్ళతో పట్టుకొచ్చి, తనే చుక్కావు మెడలో వేశాడు.

ఇప్పటికీ ఏ పిట్ట పాట బాగుందని అడిగినా కళ్ళు మూసుకునే వింటాడు. సాయంత్రం మంద ఇంటిదారి పడితే చివర బుల్లోడి పక్కన నడుస్తాడు. ముందు నుంచి టకటక వినబడుతూనే ఉంటుంది. అంత తీయని నాదం ఈ కొండ కింద ఇంకోటి లేదంటాడు. ఈసారి మాత్రం ఆయన తీర్పుకి తిరుగులేదు.

నీతి: వినాల్సినప్పుడు కాసేపు కళ్ళకి సెలవివ్వాలి, పొరపాటు చూపించినవాడికి దణ్ణం పెట్టాలి.