ఏరు దాటించిన వరాలు

అనగనగా ఏటి నడిమధ్యన ఒక లంక, ఆ లంకలో ఒక చిన్న ఊరు. ఇటు తిరిగి పడుకో తల్లీ, చెబుతాను. ఆ ఊరి చుట్టూ నీళ్ళే. ఉప్పు కావాలన్నా, మందు కావాలన్నా, పెళ్ళికి బాజాలు కావాలన్నా ఏరు దాటాల్సిందే. దాటడానికి ఉన్నది ఒకటే పడవ.

ఆ పడవ వీరాస్వామిది. అతనికి వరాలని ఒక కూతురు. వీరాస్వామికి కళ్ళు మసకబారాయి. అప్పుడు తెడ్డు తెచ్చి కూతురి చేతికిచ్చాడు.

"నిండినట్టనిపిస్తే ఇంకెవర్నీ ఎక్కించకమ్మా" అన్నాడు.

"నాకు తెలుసులే నాన్నా" అంది వరాలు.

వరాలుకి బలముంది, హుషారుంది. తండ్రి కంటే తొందరగా దాటించేది. అవతల దిగినవాళ్ళు "అబ్బో, వీరాస్వామి కంటే కూతురే నయం" అనేవాళ్ళు. ఆ మాట చెవిన పడితే ఆ పిల్లకి ఇంక అన్నం కూడా అక్కర్లేదు. అలా అలా ఎవరినీ కాదనలేకుండా తయారైంది.

ఒకసారి సంతరోజు వచ్చింది. ఊరు ఊరంతా రేవులోకి దిగింది. అరటిగెలలు ఎక్కాయి, కోళ్ళ గంపలు ఎక్కాయి. పుల్లమ్మ అనే ఒంటరి ఆడమనిషి తన పాలమేకలు రెంటినీ ఎక్కించింది. అప్పటికే నీళ్ళు పడవ అంచుకి వచ్చేశాయి. అయినా ఒడ్డు మీంచి "నేనొక్కదాన్నేగా వరాలూ" అని ఒకావిడ, "నేను బక్కపలచటివాణ్ణి కదే" అని ఇంకొకాయన. "సరే, సరే, రండి" అంది వరాలు.

ఏటి మధ్యకి వచ్చాక ఒక మేక అరిచి ఎగిరింది. అందరూ ఒక పక్కకి ఒరిగారు. అంతే, పడవ బోర్లాపడింది.

దగ్గర్లో ఇసుక మేట ఉంది కాబట్టి మనుషులందరూ లేచి మేట ఎక్కారు, పడవనీ దాని మీదకి లాగారు. మేకలు మాత్రం కొట్టుకుపోయాయి. దొరికాయా అని అడక్కు, దొరకలేదు. పుల్లమ్మ ఏడవలేదు, తిట్టలేదు. ఇసుకలో కూచుని చీరచెంగు పిండుకుంటూ ఉండిపోయింది.

"మేక ఎగిరితే నేనేం చేస్తాను?" అంది వరాలు. ఆ తర్వాత "ఎక్కొద్దంటే విన్నారా?" అంది. నిజానికి ఎవర్నీ ఎక్కొద్దనలేదు. ఆ తర్వాత "ఏరు వడిగా ఉంది" అంది. ఇంటికొచ్చాక తండ్రి "ఎంతమందిని ఎక్కించావమ్మా?" అని అడిగాడు.

అప్పట్నుంచీ వరాలుకి భయం పట్టుకుంది. ఇద్దరు ముగ్గురికి మించి ఎక్కించుకోదు. ఆకు కదిలితే పడవ కట్టేస్తుంది. మబ్బు కనిపిస్తే గుమ్మం దిగదు. "ఏరు బాగాలేదు, రేపు రండి" అంటుంది.

ఒకరోజు సూరన్న అనే రైతు పరిగెత్తుకుంటూ వచ్చాడు. అవతలి ఊళ్ళో, చెల్లెలింట్లో వాళ్ళమ్మ ఉంది. ప్రాణం మీదకి వచ్చింది, కొడుకుని కలవరిస్తోందని కబురొచ్చింది. 

"వరాలూ, ఒక్కసారి దాటించమ్మా, అమ్మని చూసుకుంటాను."

వరాలు ఆకాశంలోకి చూసింది. దూరంగా ఒక నల్లమబ్బు ఉంది.

"మబ్బు పట్టింది సూరన్నా. పొద్దున్నే తీసుకెళ్తాను."

సూరన్న బతిమాలాడు. రేవులో చాలాసేపు నిలబడ్డాడు. మబ్బు అలా తేలిపోయింది, చినుకు కూడా పడలేదు. మర్నాడు పొద్దున్నే వరాలు అతన్ని దాటించింది. అతను వెళ్ళేసరికి తల్లి లేదు.

కర్మలయ్యాక సూరన్న గుండుతో తిరిగొచ్చాడు. పడవలో వరాలుకి ఎదురుగా కూచున్నాడు. "ఆ రోజు ఏటికి ఏమైంది వరాలూ?" అని అడిగాడు. కోపంగా కాదు, తెలియక అడిగినట్టే అడిగాడు.

ఏటికి ఏమీ కాలేదు. ఆ సంగతి వరాలుకి తెలుసు.

ఇంటికొచ్చి తెడ్డు తండ్రి ముందు పెట్టేసింది. "ఇంక నా వల్ల కాదు నాన్నా. పడవ ఇంకెవరికైనా ఇచ్చెయ్యి."

వీరాస్వామి తెడ్డుని చేత్తో తడిమి చూశాడు. "ఇచ్చేస్తాను, దానికేం? తీసుకున్నవాడు మళ్ళీ మొదట్నుంచీ పడవ ముంచుకుంటూ నేర్చుకోవాలి, అంతేగా" అన్నాడు. ఆ మాటకి వరాలుకి నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. తెడ్డు తీసుకుని లేచింది.

అప్పుడు పుల్లమ్మ ఇంటికి వెళ్ళింది. గుమ్మంలో నిలబడి "పిన్నీ, తప్పు నాదే. మేక ఆ రోజు ఎందుకు ఎగిరిందో నీకు తెలుసా?" అని అడిగింది.

పుల్లమ్మ తల ఎత్తి చూసింది. "ఎందుకేమిటే? కాలు పెట్టుకునే చోటు లేదు దానికి. ఎవరో గెల దాని కాలి మీద పెట్టారు. రేవు దగ్గర్నుంచీ అరుస్తూనే ఉంది. నువ్వు అందరి కబుర్లూ విన్నావు గానీ దాని అరుపు విన్లేదు" అంది.

ఆ తర్వాత సూరన్న దగ్గరికి వెళ్ళింది. "ఆ రోజు రేవులో నిలబడి నువ్వేం చూశావు సూరన్నా?" అని అడిగింది. సూరన్న ఆలోచించి చెప్పాడు. "మబ్బు చూశాను. కానీ అవతలి ఒడ్డున రెల్లుగడ్డి అల్లాడలేదమ్మా. గాలే లేదు."

ఆ తర్వాత వరాలు పడవ దగ్గరికి వెళ్ళింది. బయటిపక్కన ఎర్ర రంగుతో ఒక గీత గీసింది. నీళ్ళు ఆ గీతని తాకితే ఇంకెవరూ ఎక్కకూడదు. పడవ వెనకవైపు వెదురుతడకతో పశువులకి వేరే చోటు కట్టింది. రోజూ తాడు విప్పే ముందు అవతలి రెల్లు చూడటం అలవాటు చేసుకుంది. రెల్లు నిలబడి ఉంటే వెళ్ళేది, నేలకి వంగితే ఆగేది. భయం పోలేదు. భయంతోనే వెళ్ళేది.

అలా ఉండగా ఒక వానాకాలం ఏరు పొంగింది. తెల్లారేసరికి నీళ్ళు ఇళ్ళ అరుగులెక్కాయి. జనమంతా ఊరి చివర మెరక మీదకి చేరారు. అందరి కళ్ళూ పడవ మీదే.

వరాలు ముందు పిల్లల్నీ బాలింతల్నీ ఎక్కించింది. ఊరి మునసబు గారు మనవడిని ఎత్తుకుని ఎక్కారు. ఆయన వెనకాలే ఇత్తడి సామాను నింపిన పెట్టె కూడా ఎక్కింది. ఎర్రగీత మునిగిపోయింది.

వరాలు తెడ్డు ఒళ్ళో పెట్టుకుని కూచుంది.

"పోనివ్వవేం?" అన్నారు మునసబు గారు.

"గీత మునిగిందండీ. పెట్టె దింపండి."

"నేనెవర్ననుకున్నావే?"

"మునసబు గారే. అయినా పడవ కదలదండీ."

మనవడు ఏడుపు మొదలెట్టాడు. జనం చూస్తున్నారు. ఆయన మొహం ఎర్రబడింది. కాసేపటికి పెట్టెని తనే కాలితో నీళ్ళలోకి తోసేశారు.

వరాలు దాటించింది, వెనక్కి వచ్చింది, మళ్ళీ దాటించింది. అరచేతులు బొబ్బలెక్కాయి. ఇంక మెరక మీద కొద్దిమందే మిగిలారు. అప్పుడు పెద్దగాలి లేచింది. వరాలు అవతలి ఒడ్డున ఉంది. రెల్లు పూర్తిగా నేలకి వంగిపోయింది.

వరాలు పడవ కట్టేసింది.

ఒడ్డున ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. సూరన్న పెళ్ళాం వచ్చి వరాలు భుజం పట్టుకుని ఊపేసింది. "మా ఆయన అక్కడే ఉన్నాడే! నీకు మళ్ళీ భయం పట్టుకుందా?"

"భయం ఎప్పుడూ ఉంది వదినా. ఇప్పుడు ఆగింది మాత్రం గాలికి" అంది వరాలు. "ఇప్పుడెళితే పడవ పోతుంది. పడవ పోతే వాళ్ళని తెచ్చేదెవరు?"

అందరూ అటే చూస్తూ నిలబడ్డారు. మెరక అంచు కొంచెం కొంచెం విరిగి ఏట్లో పడుతోంది. వరాలు మెరక వైపు చూడలేదు, రెల్లునే చూస్తోంది. ఆ ఆగడం తాడు విప్పడం కంటే కష్టంగా ఉంది ఆ పిల్లకి. చాలాసేపటికి రెల్లు మెల్లగా తల ఎత్తింది. ఎవరూ చెప్పకముందే వరాలు పడవలో ఉంది.

మిగిలినవాళ్ళని తెచ్చింది. పుల్లమ్మనీ తెచ్చింది, సూరన్ననీ తెచ్చింది. పడవ ఒడ్డుకి తగిలాక ఇంక కూచోలేక అక్కడే బురదలో పడుకుంది. లంకలోని మనుషులంతా ఇప్పుడు అవతలి ఒడ్డున క్షేమంగా ఉన్నారు.

ఆ తర్వాత నీళ్ళు తీశాయి. జనం ఊరికి తిరిగొచ్చారు. ఇళ్ళు కూలిపోయాయి, గోడలు జారిపోయాయి. అయినా ఎవరూ ముందు ఇల్లు కట్టుకోలేదు. పడవ అడుగున చెక్క పగిలింది, అందరూ ముందు దాని దగ్గరికే వెళ్ళారు. మునసబు గారు తారు డబ్బా తనే మోసుకొచ్చారు.

పని చూస్తూ కూచున్న ఒక ముసలావిడ వరాలుని అడిగింది. "ఏమే పిల్లా, ఇంక నీకు పడవ పని అంతా వచ్చేసినట్టేనా?"

వరాలు ఏటి వైపు చూసింది. వరద తీశాక ఏరు దారి కొంచెం మార్చుకుంది. పాత ఇసుక మేట లేదు, వేరేచోట కొత్తది లేచింది.

"ఎక్కడ అత్తా? రేపు మళ్ళీ ఏరంతా చూసుకోవాలి" అంది. లేచి తారు పూయడానికి వెళ్ళింది.

కథ కంచికి నడిచింది,
కునుకు మనింటికి వచ్చింది.
దీపం కొండెక్కింది,
దుప్పటి మెడదాకా ఎక్కింది.
పొయ్యి పక్కన పడుకుంది పిల్లి,
నువ్వూ పడుకో నా చిట్టితల్లి.