వాకిటిపాడు వాకిళ్ళమ్మ: పసుపు పూసిన గునపం కథ

వాకిటిపాడు బస్టాండులో దిగిన భక్తులకు ఎదురుగానే వాకిళ్ళమ్మ తల్లి గుడి కనిపిస్తుంది. ఎవరినీ దారి అడగవలసిన పని లేదు. గుడికి తెరిచి ఉండేది ఒక్క దక్షిణపు వాకిలే. ప్రదక్షిణ చేసేవారు తూర్పు గోడ దగ్గరా, పడమటి గోడ దగ్గరా కాస్త నిలబడి చూడాలి. రెండు చోట్లా పూడ్చేసిన వాకిళ్ళ ఆనవాళ్ళున్నాయి. వాటి గడపల మీద ఇప్పటికీ దీపాలు పెడతారు. లోపల అమ్మవారి పక్కన త్రిశూలం ఉండవలసిన చోట పసుపు పూసిన ఇనుప గునపం ఉంటుంది. కొత్తవాళ్ళు చూసి, పనివాళ్ళెవరో మరిచిపోయి ఉంటారనుకుంటారు. ఆ గునపం కథే ఈ ఊరి కథ.

పూర్వం ఇక్కడ ఏటి ఒడ్డున, కోసెడు దూరంలో రెండు ఊళ్ళుండేవి. పెదరేవుకు నూటొక్క రాతిమెట్లు, రంగుల మంటపం, దానికి తగ్గ టెక్కు. చినరేవుకు మట్టి ఒడ్డు, తూర్పున ఏటికి ఎదురుగా కూర్చున్న రేవులమ్మ గుడి. రెండూ పడవల మీద బతికిన ఊళ్ళే. ఒక ఏడు వచ్చిన వరదకు ఏరు తూర్పుకు జరిగిపోయింది. మళ్ళీ వెనక్కి రాలేదు. రెండు ఊళ్ళకూ ఇసుక మిగిలింది.

పెదరేవువారు మెట్లు కడిగి, ముగ్గులు పెట్టి, ఏరు తిరిగి వస్తుందని కూర్చున్నారు. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టుండేది వారి మాట. చినరేవువారికి ఆ ధీమా కూడా లేదు. ఏడు ఇళ్ళకు తాళాలు పడ్డాయి. చైత్ర పున్నమికి అమ్మవారిని పెదరేవుకు తరలించి ఎవరి దారి వారు చూసుకుందామని ఊరిపెద్ద చెంచురెడ్డి తీర్మానించాడు.

ఆ మాట విని కుమ్మరి పేరమ్మ కుప్పకూలింది. రేవులమ్మకు దీపం పెట్టే వంతు ఆమెది. మొగుడు పోయినా, పడవలవాళ్ళకు కడవలమ్మి బతికిన మనిషి. ఇప్పుడు కడవలు కొనేవారు లేరు. దాన్నయినా ఓర్చుకుంది గానీ, అమ్మ లేని ఊరును తలుచుకోవడానికి ఆమెకు గుండె చాలలేదు. పున్నమికి పదకొండు రోజులున్నాయి.

మరునాడు మిట్టమధ్యాహ్నం కడవలు కాల్చే ఆవం దగ్గర కునుకు పట్టినప్పుడు పేరమ్మకు కల వచ్చింది. ఎర్రచీర కట్టిన ముసలామె ఎదురుగా కూర్చుని కోపంగా అంది. "ఏమే పేరీ, నా ముఖానికి గోడ అడ్డం పెట్టి, వీపుకు దండాలు పెడతారేమే?"

పేరమ్మకు ఏమీ పాలుపోలేదు. రోజూ ఆ ముఖానికి బొట్టు పెట్టేది తనే కదా. గుడికి పోయి చూసింది. అమ్మ ముఖానికి అడ్డమేమీ లేదు. ఇక గుడి వెనక్కి, పడమటి గోడ వైపు నడిచింది. అక్కడ ఊరి పెంటకుప్పలు, ముళ్ళకంప తప్ప ఏముంటాయి? కంప సందులోంచి చూసిన పేరమ్మకు గంటల చప్పుడు వినిపించింది. ఉప్పు బస్తాలు మోసే పెరికెడ్లు వరసగా పోతున్నాయి. పడవలు ఆగిపోయాక బేరగాళ్ళు మెట్టదారి పట్టారు. ఆ దారి సరిగ్గా చినరేవు వెనక నుంచే పోతోంది. ఊరు మాత్రం ఎండిన ఇసుక వైపు ముఖం పెట్టి ఏడుస్తోంది.

పేరమ్మ కంప తొలగించి పరుగెత్తి ఒక బేరగాణ్ణి ఆపింది. "మా ఊళ్ళో ఆగకుండా పోతారేం నాయనా?"

"ఊరెక్కడుందమ్మా? ఇటు నుంచి చూస్తే పెంటదిబ్బలే కదా. నీళ్ళకు కడవ దొరికినా చాలు, ఆగేవాళ్ళం" అన్నాడతను.

పేరమ్మ నేరుగా రచ్చకు పోయి, అమ్మ గుడికి పడమట వాకిలి పెట్టాలంది. చెంచురెడ్డి మండిపడ్డాడు. "తాతముత్తాతల వాకిలి మారుస్తావా? అమ్మ ఆగ్రహిస్తే ఎవరు పడతారు?"

"నేను పడతాను పెద్దయ్యా. తప్పయితే పున్నమికి అమ్మతో పాటు నన్నూ ఊరు దాటించండి."

ఎవరూ ముందుకు రాలేదు. మట్టి తవ్వుకునే గునపం తెచ్చి పేరమ్మే మొదటి పోటు వేసింది. సున్నం పెచ్చు ఊడింది. నాలుగో పోటుకు లోపల రాతి ద్వారబంధం బయటపడింది. దాని కింద, ఎన్ని తరాల పాదాలు తొక్కాయో, మధ్యలో గుంటపడిన గడప ఉంది. తాతముత్తాతలది తూర్పు వాకిలయితే, ఈ గడప వాళ్ళ తాతలది. ఒకప్పుడు ఊరు పడమటికే తిరిగి ఉండేది. ఏరు దగ్గరకొచ్చినప్పుడు ఎవరో బుద్ధిమంతులు వాకిలి మార్చారు. తర్వాతివాళ్ళు ఆ బుద్ధి మరిచి వాకిలిని మాత్రం పట్టుకున్నారు.

గోడ కూలి వెలుగు లోపల పడింది. అమ్మ వీపు మీద పేరుకున్న మసి, పసుపు అట్టలను పేరమ్మ తడిగుడ్డతో తుడిచింది. అక్కడ విశాలమైన కళ్ళతో మరో ముఖం నవ్వుతూ ఉంది. పేరమ్మ వలవలా ఏడ్చింది. చెంచురెడ్డి తలపాగా తీసి, ఆమె చేతిలోని గునపం తనే అందుకుని మిగతా గోడ పడగొట్టాడు.

పున్నమి నాటికి ఊళ్ళో ప్రతి ఇంటికీ పడమట తలుపు లేచింది. పెంటకుప్పలున్న చోట సంత వెలిసింది. పేరమ్మ కడవలు ఆవంలో చల్లారకముందే అమ్ముడుపోయేవి. తాళాలు పడిన ఏడిళ్ళలో ఆరు తెరుచుకున్నాయి. ఓడలు బండ్లవుతాయనే మాట ఇక్కడ కళ్ళారా జరిగింది. చినరేవు పేరు వాకిటిపాడు అయింది, రేవులమ్మ వాకిళ్ళమ్మ అయింది. తర్వాత ఎన్నో ఏళ్ళకు దక్షిణాన కంకర రోడ్డు పడినప్పుడు పేరమ్మ వంశంవారు అదే గునపంతో దక్షిణపు గోడ తెరిచి, పాత వాకిళ్ళు పూడ్చారు. అమ్మకు అటూ ఒక ముఖం ఉంది.

నేటికీ ప్రతి చైత్ర పున్నమికి ఆ వంశపు ఆడపడుచు గునపంతో నాలుగు గోడలూ తట్టి, "జనం ఎటు నుంచి వస్తున్నారు?" అని అడుగుతుంది. ఊరంతా దిక్కు చెప్పాకే హారతి. బేరం సాగనివారు, బతుకుదెరువు తోచనివారు ఆ గునపాన్ని తాకి వెళితే దారి కనబడుతుందని నమ్మకం. ఉత్తరపు గోడ ఇంకా ఎవరూ తెరవలేదు. అటు ముఖం మీది పసుపు అలాగే ఉంది.

పెదరేవు నూటొక్క మెట్లు ఇప్పుడు తుమ్మచెట్లలోకి దిగుతాయి. ఇన్ని తరాలూ ఆ ఊరివారు ఈ పండక్కి వచ్చి, ప్రసాదం తిని, గునపాన్ని చూసి నవ్వుకుని వెళ్ళేవారు. నిరుడు మాత్రం వారి పెద్దలు మంగళవాద్యాలతో వచ్చి, ఒక్క పూటకు గునపం ఇమ్మని అడిగారు. పేరమ్మ వంశపు ఆడపడుచే దాన్ని తలమీద పెట్టుకుని పెదరేవుకు నడిచింది. వారి మంటపం వెనక గోడకు మొదటి పోటు మాత్రం ఆ ఊరివాళ్ళ చేతే వేయించింది.