నూకరత్నం పొగడ్రమ్ము

అనగనగా ఒక ఊళ్ళో, ఇటు చూస్తే సముద్రం, అటు చూస్తే సరుగుడు తోట ఉన్న ఊళ్ళో, నూకరత్నం అని ఒకామె ఉండేది. చేపల్ని పొగలో మగ్గబెట్టి సంతలో అమ్మేది. దుప్పటి కప్పుకో, చెప్తాను.

ఆమెకో ఇనప డ్రమ్ము ఉంది. వాళ్ళ నాన్న తన చేత్తో చేసింది. కింద సరుగుడు కట్టెలు, పైన జల్లెడ మీద కానాగంత చేపలు, ఆ పైన మూత, మూతకి ఒక గొట్టం. మన కుక్కరు మూతకి గాస్కెట్టు ఉంటుంది చూడు, అలాగే ఈ మూత అంచుకీ వేడికి ఓర్చే పట్టీ ఒకటి ఉంటుంది. అది బిగుతుగా ఉంటే పొగ గొట్టంలోంచే పోతుంది, చేప నిదానంగా మగ్గుతుంది. అది ఊడిందా, గాలి లోపలికి దూరి మంట లేస్తుంది. అప్పుడు చేప ఒకవైపు బొగ్గు, ఇంకోవైపు పచ్చి.

నాన్న పోయిన ఏడాదికి ఆ పట్టీ కాస్తా చీకిపోయింది. నూకరత్నం పట్నం నుంచి కొత్తది తెప్పించుకుంది. మూత అంచు చూస్తే వేలెడు మందం మసీ జిడ్డూ. అయినా తుడవలేదు. ఎందుకు తుడవలేదూ అంటే, "మసిలోనే ఉందమ్మా రుచి, కడిగీకు" అని నాన్న ఎప్పుడూ అనేవాడు. ఆ మాట పట్టుకుని మసి మీదే బంక రాసి పట్టీ అంటించేసింది.

శనివారం సంతలో మంట వేసిందో లేదో, పట్టీ జారి చేపల మీద పడింది. కొన్నవాళ్ళు కొన్నట్టే వెనక్కి తెచ్చిచ్చారు.

అప్పుడు వాళ్ళన్న ఎర్రయ్య వచ్చాడు. మంచివాడే పాపం, కాకపోతే అరుగు మీద దర్జాగా కుర్చీ వేసుకుని కూర్చోవాలని ఒకటే కోరిక.

"నాన్న సామాను కొడుకుది కదేటి సెల్లీ. ఇంకో రెండు సంతలు సూత్తాను. అప్పటికీ పక్కల్నించి పొగొచ్చిందంటే ఆ డ్రమ్ము పాత ఇనుమోడికి ఇచ్చేత్తాను. రెండు పిలాస్టిక్ కుర్చీలిత్తానన్నాడు" అన్నాడు.

నూకరత్నానికి చెయ్యి తిరిగిన పని అదొక్కటే. పైగా నాన్నది అంటూ ఇంట్లో మిగిలింది ఆ డ్రమ్మే.

ఆ తర్వాత రెండో సంత వచ్చింది. బిరియానీ గిన్నెకి పిండి పెట్టి మూత మూస్తారు కదా అని, ఈసారి మూత చుట్టూ గోధుమపిండి మెత్తింది. పిండి ఎండింది, పగిలింది, పెళ్ళలుగా రాలింది. ఒక కుక్క అందులో పెద్ద పెళ్ళని నోట కరుచుకుని సంతంతా ఊరేగింది. జనం చేపల సంగతి వదిలేసి కుక్కని చూసి నవ్వారు. నూకరత్నానికి ఏడుపొచ్చింది. ఎవరికి రాదు?

డ్రమ్మూ గంపా సైకిలుకి కట్టుకుని ఇంటికి వస్తోంటే, మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, టైరు పంక్చరైంది. మస్తాను తాత సైకిలు కొట్టు దగ్గర ఆగింది. తాత ట్యూబు బయటికి లాగి, చిల్లు ఉన్నచోట గరుకు కాగితం పెట్టి గీరుతున్నాడు, గీరుతూనే ఉన్నాడు.

"తొందరగా అంటించీ తాతా" అంది నూకరత్నం.

"గీరకుండా అంటిత్తే నువ్వు ఇంటికెళ్ళేలోపే ఊడిపోద్ది తల్లీ. అతుకు మురికిని పట్టుకుంటే, ఆ మురికితోపాటే లేచొచ్చేత్తాది" అన్నాడు తాత.

నాన్న చెప్పింది చేపలుండే లోపలి సంగతి, అంచు సంగతి కాదు కదా అని నూకరత్నానికి అప్పుడు తోచింది. తాతని అడిగి ఒక గరుకు కాగితం తెచ్చుకుంది.

ఇక చూడు ఆమె పని. మొదట చల్లారిన బూడిదంతా తోడి కొబ్బరిమొక్క మొదట్లో పోసింది. ఆ తర్వాత జల్లెడని కొబ్బరిపీచుతో తళతళా తోమింది. మూత లోపల పెచ్చులు పెచ్చులుగా వేలాడే మసిని రాల్చేసి, ఇనుముని అంటుకున్న పల్చటి నల్లపూతని మాత్రం నాన్న మాట కోసం ఉంచింది. అప్పుడు అంచుకొచ్చింది. పాత అట్లకాడతో గీకింది, సబ్బునీళ్ళతో తుడిచింది, గరుకు కాగితంతో రుద్దింది. చేతులు నల్లన, మొహం నల్లన, పళ్ళు మాత్రం తెల్లన.

రుద్దగా రుద్దగా కాగితం కింద ఏదో గరగరమంది. వంగి చూసింది. మేకుతో కొట్టిన చుక్కలు. చుక్క పక్కన చుక్క, వంకరటింకర అక్షరాలు. 'ఇది మా నూకరత్నానిది' అని ఉంది.

నూకరత్నం ఆ మూత ఒళ్ళో పెట్టుకుని ఒక్కో చుక్కనీ వేలితో తడిమింది. నాన్నకి చదువు రాదు. ఎవరిచేతో రాయించుకుని, చూసి చూసి కొట్టుంటాడు. నేనైతే ఊరందర్నీ పిలిచి, ముందు ఆ ఎర్రయ్యకి చూపించి ఉందును. ఆమె చూపించలేదు. పొడిగుడ్డతో తుడిచి, బంక రాసి, ఆ అక్షరాల మీదే, మొన్న సంతలో జారిపడ్డ కొత్త పట్టీనే మళ్ళీ అంటించింది. మూత బిగించి, పైన సన్నికల్లు పెట్టి, ఒక పగలూ ఒక రాత్రీ కదపలేదు.

మూడో సంత వచ్చింది. పాత ఇనుము వాడు బండి మీద రెండు కుర్చీలు పెట్టుకుని ముందే వచ్చేశాడు, నీలంవి. ఎర్రయ్య వాటిని నిమిరి నిమిరి చూసుకుంటున్నాడు.

నూకరత్నం మంట వేసింది. మూత పెట్టింది. అందరూ అంచుకేసి చూశారు. ఇటుపక్క పొగ లేదు. అటుపక్క పొగ లేదు. వెనకపక్కా లేదు. గొట్టంలోంచి మాత్రం తెల్లగా, తిన్నగా లేచింది.

మూత తీసేసరికి కానాగంతలన్నీ బంగారం రంగుకి తిరిగి ఉన్నాయి. జనం ఎగబడ్డారు. పాత ఇనుము వాడైతే ఎర్రయ్య కోసం తెచ్చిన కుర్చీలో తనే కూర్చుని మూడు చేపలు తిన్నాడు. తిని మూతి తుడుచుకుని, "ఇది పాత ఇనుమెలా అవుద్దయ్యా, నేను తీసుకోను" అన్నాడు.

ఎర్రయ్య తల గోక్కున్నాడు. "అయితే ఈ డ్రమ్ము నీదేలే సెల్లీ" అన్నాడు.

"నాదేనన్నా" అంది నూకరత్నం. ఎంత ధీమాగా అందో.

అప్పట్నించి ఏటా వానలకి ముందు పట్టీ మారుస్తుంది. పాతది బాగానే ఉన్నా సరే మారుస్తుంది. అంచంతా తెల్లగా గీకి, ఆ మూడు చుక్కల మాటలూ ఒకసారి చదువుకుని, మళ్ళీ మూసేస్తుంది.

మసి పోయె మట్టికి,
పట్టీ అంటె అంచుకి,
పొగ పోయె మింటికి,
కథ పోయె కంచికి,
ఇక నిద్ర రావాలి మా చిన్ని కంటికి.